చట్టం మార్చమని సర్కారుకే చెప్పే కొలువు: పబ్లిక్ లా సంస్కరణలో లీగల్ రీసెర్చర్లు

క్లుప్తంగా: ప్రభుత్వ అధికారాలకు హద్దులు గీసే చట్టాన్ని సవరించాలంటే, ఇప్పుడున్న చట్టం ఏమిటో, అది ఎక్కడ పనిచేయడం లేదో ముందు ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. ఆ పని లీగల్ రీసెర్చర్లది. ఈ రంగంలో ఒక చిక్కుంది. ఎవరి అధికారం గురించి నివేదిక రాస్తున్నారో సాధారణంగా నివేదిక అడిగేది వారే. జీతాలిచ్చేదీ, సమాచారం ఇవ్వాల్సిందీ, చివరికి అమలు చేయాల్సిందీ కూడా వారే. రీసెర్చర్ పని తీరు, దాని ఫలితం చాలావరకు ఈ చిక్కును బట్టే ఉంటాయి.

చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ నివేదిక ఏదైనా వార్తల్లోకి వచ్చినప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కమిషన్ చెప్పింది కాబట్టి ఇక చట్టం మారిపోయినట్టేనని కొందరు అనుకుంటారు. కమిషన్ల నివేదికలన్నీ అటకెక్కేవేనని మరికొందరు తేల్చేస్తారు. రెండింటికీ ఆధారాలు దొరుకుతాయి. ఏ నివేదిక చట్టమవుతుంది, ఏది అటకెక్కుతుంది అన్నది తెలియాలంటే నివేదిక తయారయ్యే చోటికి వెళ్లి చూడాలి.

కక్షిదారూ ప్రభుత్వమే, ప్రతివాదీ ప్రభుత్వమే

రాజ్యాంగం, ఎన్నికల చట్టాలు, సమాచార హక్కు, పౌరసత్వం, ముందస్తు నిర్బంధం, లైసెన్సులు, సంక్షేమ పథకాల అర్హతలు, ట్రిబ్యునళ్లు... ఒక పక్క పౌరుడు, మరో పక్క ప్రభుత్వ సంస్థ ఉండే చట్టాలన్నీ పబ్లిక్ లా కిందికి వస్తాయి. ఇద్దరు వ్యక్తుల మధ్య ఒప్పందాలు, ఆస్తి పంపకాలు ప్రైవేటు లా.

సంస్కరణ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా పెద్దదవుతుంది. ఒప్పంద చట్టాన్ని సవరించేటప్పుడు ప్రభుత్వం దాదాపుగా మధ్యవర్తి. ఎవరు గెలిచినా ఖజానాకు పెద్దగా పోయేదేమీ లేదు. అధికారి తప్పు వల్ల నష్టపోయిన పౌరుడికి పరిహారం ఇవ్వాలన్న ప్రతిపాదన అలా కాదు. దాని ఖర్చు నేరుగా ఆర్థిక శాఖ ముందుకొస్తుంది.

ఇంగ్లండ్-వేల్స్ లా కమిషన్‌కు ఇది అనుభవంలోకి వచ్చింది. ప్రభుత్వ సంస్థల పొరపాట్ల వల్ల నష్టపోయిన వారికి పరిహారం దక్కే తీరును మార్చాలని అది 2008లో తాత్కాలిక ప్రతిపాదనలు విడుదల చేసింది. ప్రభుత్వం గట్టిగా వ్యతిరేకించింది. పైగా ప్రభుత్వ సంస్థలు అప్పటికే ఏటా ఎంత పరిహారం చెల్లిస్తున్నాయో ఒకచోట నమ్మదగిన లెక్క లేదు. లెక్క లేనప్పుడు, కొత్త పద్ధతి వల్ల ఖర్చు పెరుగుతుందన్న వాదనను కాదనడం కష్టం. 2010లో వచ్చిన తుది నివేదికలో కమిషన్ ఆ భాగాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. ఆ లెక్కలను సేకరించి బయటపెట్టాల్సిన అవసరాన్ని మాత్రం గట్టిగా చెప్పింది. న్యాయసూత్రం దగ్గర కన్నా లెక్కల దగ్గరే ఎక్కువ ఎదురుదెబ్బ తగిలిందని చెప్పాలి.

భారత్‌లో దీనికి దగ్గరి ఉదాహరణ ఇక్కడి లా కమిషన్ 277వ నివేదిక. తప్పుడు కేసుల్లో ఇరుక్కుని ఏళ్ల తరబడి జైల్లో ఉండి, చివరికి నిర్దోషులుగా బయటపడిన వారికి పరిహారం ఎలా ఇవ్వాలో పరిశీలించమని 2017లో ఢిల్లీ హైకోర్టు లా కమిషన్‌ను కోరింది. కమిషన్ 2018 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అలాంటి వారికి చట్టబద్ధంగా పరిహారం దక్కాలని, అందుకు ప్రత్యేక కోర్టులు ఉండాలని సిఫార్సు చేసింది. ఆ తరవాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2023లో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో ఈ ఏర్పాటు లేదు. ఆధారం లేకుండా అరెస్టు చేయిస్తే, చేయించిన వ్యక్తి నుంచి గరిష్ఠంగా 1,000 రూపాయలు ఇప్పించే పాత 358వ సెక్షన్ మాత్రం నంబరు మారి 399వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అది కూడా ప్రభుత్వం చెల్లించేది కాదు.

ఎవరి దగ్గర పని చేస్తారు

ఇంగ్లండ్-వేల్స్ కమిషన్ 1965లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. జడ్జి ఛైర్మన్‌గా ఐదుగురు కమిషనర్లు ఉంటారు. వారి కింద అంశాలవారీగా బృందాలు పనిచేస్తాయి. పబ్లిక్ లాకు విడిగా ఒక బృందం ఉంది. బృందంలోని లాయర్లకు తోడుగా ఏటా కొత్తగా రీసెర్చ్ అసిస్టెంట్లను నిర్ణీత కాలానికి తీసుకుంటారు. బిల్లులు రాయడంలో ఆరితేరిన పార్లమెంటరీ ముసాయిదా నిపుణులు ప్రభుత్వం నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు.

భారత్‌లో లా కమిషన్ చరిత్ర ఇంకా పాతది. 1833 చార్టర్ చట్టం తరవాత మెకాలే నాయకత్వంలో మొదటిది వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1955లో ఎం.సి. సెతల్వాడ్ ఛైర్మన్‌గా ఈ పరంపర మళ్లీ మొదలైంది. అయితే దీని వెనుక చట్టం లేదు. కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వుతో మూడేళ్ల గడువుకు ఏర్పాటు చేస్తుంది. గడువు ముగిశాక మరో ఉత్తర్వు రావాలి. 21వ కమిషన్ గడువు 2018 ఆగస్టులో ముగిసింది. 22వ కమిషన్‌కు 2020 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. ఛైర్మన్ నియామకం మాత్రం 2022 నవంబరులో జరిగింది. 277వ నివేదిక 2018లో వస్తే 278వది 2023లో వచ్చింది. మధ్య కాలమంతా ఖాళీ.

రీసెర్చర్ వైపు నుంచి చూస్తే ఈ ఖాళీ నష్టం ఉద్యోగాలతో ఆగదు. ఎన్నికల సంస్కరణల మీదో ట్రిబ్యునళ్ల మీదో మూడేళ్లు పనిచేసిన వ్యక్తి వెళ్లిపోతే, ఫలానా ప్రతిపాదనను ఎందుకు పక్కన పెట్టారన్న సంగతి కూడా ఆ వ్యక్తితోనే వెళ్లిపోతుంది. నివేదికలో అది పూర్తిగా ఉండదు. తరవాత వచ్చినవారు అదే దారిలో మళ్లీ మొదటి నుంచి నడవాల్సిందే. ఏడాది కాంట్రాక్టుల వల్ల బ్రిటన్‌లోనూ ఈ ఇబ్బంది కొంత ఉన్నా, అక్కడ బృందంలోని లాయర్లు కొనసాగుతారు కాబట్టి పని కొనసాగింపు తెగిపోదు.

కమిషన్లే కాదు. ప్రభుత్వాలు వేసే ఉన్నతస్థాయి కమిటీలు, పార్లమెంటరీ స్టాండింగ్ కమిటీల సచివాలయాలు, విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రాలు, స్వచ్ఛంద విధాన సంస్థలు కూడా ఇలాంటి వారిని తీసుకుంటాయి. పని దాదాపు ఒకటే. ఎవరి పేరు మీద బయటికి వస్తుందన్నదే తేడా.

అసలు ఇప్పుడున్న చట్టం ఏది?

చట్టం ఏమిటో అందరికీ తెలుసని, దాన్ని ఎలా మార్చాలన్నదే చర్చ అని బయటివారు అనుకుంటారు. రీసెర్చర్‌కు మొదటి కొన్ని నెలలు ఆ మొదటి సగంతోనే సరిపోతుంది. బ్రిటన్ ఎన్నికల చట్టం 17 చట్టాల్లో, సుమారు 30 రకాల నిబంధనల్లో చెల్లాచెదురుగా ఉందని అక్కడి కమిషన్ తేల్చింది. ఎన్నిక నిర్వహించే అధికారి ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

చట్టం ఎక్కడ మారిందో కనిపెట్టడం మరో తలనొప్పి. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్ దీనికి మంచి నమూనా. పాత పాఠం ప్రకారం, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, లేదా వెల్లడిస్తే ఒకరి ప్రైవసీకి అనవసరంగా భంగం కలిగించే సమాచారాన్ని అధికారి నిరాకరించవచ్చు. విస్తృత ప్రజాప్రయోజనం ఉందని తేలితే అదే క్లాజు కింద ఇవ్వనూ వచ్చు. ఈ క్లాజును మార్చింది సమాచార హక్కు సవరణ చట్టం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం చివర్లో, 44వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో ఒక చిన్న పేరా ఈ మార్పు తెచ్చింది. కొత్త పాఠంలో ఆ షరతులన్నీ పోయి, వ్యక్తిగత సమాచారం అన్న మాట ఒక్కటే మిగిలింది. 2025 నవంబరులో ఇది అమల్లోకి వచ్చింది. 8(2) సెక్షన్ కింద ప్రజాప్రయోజనం పేరుతో సమాచారం ఇచ్చే వెసులుబాటు మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ రీసెర్చర్ చేయాల్సింది మార్పు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం కాదు. పాత క్లాజు కింద వచ్చిన తీర్పుల్లో ఏవి ఇంకా నిలుస్తాయి, 8(2) ఇప్పుడు ఎంత బరువు మోయాలి, దరఖాస్తు తిరస్కరించే అధికారి ఇకపై ఏం రాస్తే చెల్లుతుంది అన్నవి వరసగా పేర్చాలి. తీర్పు చెప్పడం ఆ పట్టిక తయారయ్యాకే. బహిరంగ చర్చలో సాధారణంగా ఇది తలకిందులుగా జరుగుతుంది.

సర్క్యులర్, ఫారం, కౌంటర్

పబ్లిక్ లాలో సగం చట్టం చట్టంలో ఉండదు. శాఖ పంపిన సర్క్యులర్‌లో, దరఖాస్తు ఫారంలోని ఒక గడిలో, 'ఈ సర్టిఫికెట్ కూడా తెండి' అనే కౌంటర్ గుమాస్తా మాటలో ఉంటుంది. సెక్షన్ అడగని పత్రాన్ని ఫారం అడుగుతుంటే, పౌరుడికి సంబంధించినంతవరకు అదే చట్టం. కాబట్టి మంచి రీసెర్చర్లు చట్టం పాఠంతో పాటు ఫారాలు, అంతర్గత మార్గదర్శకాలు, తిరస్కరణ లేఖలు కూడా సేకరిస్తారు. తిరస్కరణ లేఖల్లో మళ్లీ మళ్లీ కనిపించే వాక్యం ఎక్కణ్నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే, చాలాసార్లు ఎప్పుడో జారీ అయి, ఎవరూ రద్దు చేయని పాత ఉత్తర్వు దగ్గర తేలుతుంది.

ఒక్క తీర్పు ఈ యంత్రాంగాన్ని ఎలా కుదిపేస్తుందో చూపే కథ బ్రిటన్‌లో జరిగింది. మతిమరుపు వంటి సమస్యలతో సంరక్షణ కేంద్రాల్లో ఉంటూ, సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని వారిని అక్కడి నుంచి కదలనివ్వకపోవడం కూడా స్వేచ్ఛను హరించడమే కాబట్టి, దానికి ముందస్తు అనుమతి ఉండాలని అక్కడి చట్టం చెబుతుంది. 2014 మార్చిలో చెషైర్ వెస్ట్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిర్వచనాన్ని విస్తరించింది. నిరంతర పర్యవేక్షణ ఉండి, విడిచి వెళ్లే స్వేచ్ఛ లేకపోతే చాలు, ఆ వ్యక్తి అభ్యంతరం చెప్పకపోయినా అది నిర్బంధమే అంది. మరుసటి ఏడాదికి అనుమతి దరఖాస్తులు సుమారు పదిరెట్లయ్యాయి. కొద్దిమందిని ఉద్దేశించి కట్టిన వ్యవస్థలో ఫైళ్లు గుట్టలుగా పేరుకుపోయాయి.

తీర్పులోని సూత్రం గొప్పదే. అయితే అనుమతి సకాలంలో రాకపోతే ఆ సూత్రం వల్ల మంచంలో ఉన్న మనిషికి ఒరిగిందేమిటి? కమిషన్ బృందం ముందున్న అసలు ప్రశ్న ఇదే. అనుమతి ఎవరు ఇవ్వాలి, పాత వైద్య నివేదికలను ఎంతకాలం వాడుకోవచ్చు, స్వతంత్ర పరిశీలన ఏ కేసుల్లో తప్పనిసరి అనే స్థాయిలో వారు పని చేయాల్సి వచ్చింది. 2017లో నివేదిక, దాని ఆధారంగా 2019లో చట్టం వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం అమలును వాయిదా వేసింది.

అభిప్రాయాలను లెక్కించాలా, తూచాలా?

సంప్రదింపుల దశలో రీసెర్చర్ బల్ల మీదికి వచ్చిపడేది జనం రాసిన జవాబులు. ఇంగ్లండ్-వేల్స్ కమిషన్ పద్ధతిలో ప్రశ్నలకు నంబర్లుంటాయి. ప్రతి జవాబునూ ప్రశ్నలవారీగా విడదీసి పట్టికలోకి ఎక్కిస్తారు. 'అవును', 'కాదు' తేలిగ్గానే కూడతాయి. అసలు సరుకు 'అవును, కానీ...' గడిలో ఉంటుంది. ప్రతిపాదనకు మద్దతిస్తూనే, ఫలానా వర్గానికి ఇది వర్తిస్తే ఏమవుతుందో ఆలోచించారా అని ఒకే ఒక్కరు అడిగిన ప్రశ్నతో సిఫార్సు మారిపోవచ్చు. అందుకే ఇది ఓటింగ్ కాదని కమిషన్లు పదేపదే చెబుతుంటాయి.

జమిలి ఎన్నికలపై రామ్‌నాథ్ కోవింద్ నాయకత్వంలోని ఉన్నతస్థాయి కమిటీకి 2024లో ప్రజల నుంచి 21,558 స్పందనలు వచ్చాయి. వాటిలో సుమారు 80 శాతం అనుకూలమని నివేదిక చెప్పింది. స్పందించిన 47 పార్టీల్లో 32 సమర్థించాయి, 15 వ్యతిరేకించాయి. ఈ అంకెలు వార్తల్లో బాగా తిరిగాయి. కానీ స్వచ్ఛందంగా రాసినవారి శాతం దేశ ప్రజల అభిప్రాయ శాతం కాదు. రాజ్యాంగ సవరణకు ఏ అధికరణాలు ముట్టుకోవాలి, రాష్ట్రాల ఆమోదం ఎప్పుడు అవసరం అన్న ప్రశ్నలకు మెజారిటీ లెక్క జవాబు చెప్పదు. ఉమ్మడి పౌరస్మృతిపై 2023లో 22వ లా కమిషన్ అభిప్రాయాలు కోరినప్పుడు 75 లక్షలకు పైగా స్పందనలు వచ్చాయి. అంత రాశిని ఒక చిన్న బృందం ఒక్కొక్కటిగా చదవడం సాధ్యమయ్యే పని కాదు. ఒకే పాఠంతో వేల కొద్దీ వచ్చే లేఖలను ఒక కట్టగా వేరుచేసి, భిన్నంగా ఉన్నవాటిని బయటకు తీయడమే మార్గం. కంప్యూటర్ ఈ వడపోతకు బాగానే పనికొస్తుంది. ఏ లేఖకు ఎంత బరువు ఇవ్వాలన్నది మాత్రం అది చెప్పలేదు.

కేంద్రంలో 2014 నుంచి ఒక విధానం ఉంది. బిల్లు ముసాయిదాను వివరణతో సహా కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని అది చెబుతుంది. చట్టబద్ధమైన నిర్బంధం లేదు కాబట్టి అన్ని బిల్లులకూ ఇది జరగడం లేదు.

పరాయి దేశాల ఉదాహరణలు

ఇతర దేశాల చట్టాలు చూడటం ఈ పనిలో ముఖ్యమైన భాగం, ప్రమాదకరమైన భాగం కూడా. రాజద్రోహం విషయమే చూస్తే, బ్రిటన్ 2009లో ఆ నేరాన్ని రద్దు చేసింది. అక్కడి నుంచి వచ్చిన చట్టమే కాబట్టి ఇక్కడా రద్దు చేయాలన్నది ఒక వాదన. 2018లో 21వ లా కమిషన్ సంప్రదింపుల పత్రం రాజద్రోహాన్ని నేరంగా చూసే 124ఎ సెక్షన్‌పై పునరాలోచన అవసరమన్న దిశగా ప్రశ్నలు లేవనెత్తింది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ వాడకాన్ని నిలిపివేసింది. 2023లో 22వ కమిషన్ 279వ నివేదిక మాత్రం సెక్షన్ ఉండాల్సిందేనంది. దుర్వినియోగం జరగకుండా కొన్ని జాగ్రత్తలు సూచిస్తూనే, జైలుశిక్షను ఏడేళ్ల దాకా పెంచవచ్చని సిఫార్సు చేసింది. ఇతర దేశాలు రద్దు చేశాయన్న ఒక్క కారణంతో రద్దు చేయలేమని, ఒక్కో దేశం పరిస్థితులు వేరని వాదించింది.

ఐదేళ్ల తేడాలో ఒకే సంస్థ ఇలా రెండు దిక్కులకు మొగ్గింది. తీర్పులు, విదేశీ చట్టాలు చాలావరకు అవే. కాబట్టి రీసెర్చర్ ఇచ్చే సమాచారం ముగింపును నిర్ణయించదు. ఏ ముగింపుకు వచ్చినా దేన్ని ఎదుర్కోక తప్పదో చూపిస్తుంది, అంతవరకే. మంచి పోలికకు గుర్తు కూడా ఇదే: రద్దు చేసిన దేశాల పేర్లతో పాటు, ఆ దేశాలు రద్దు చేశాక అదే ప్రవర్తన మీద వేరే ఏ చట్టాలు ప్రయోగిస్తున్నాయో కూడా అందులో ఉంటుంది.

నివేదిక సమర్పించాక

బ్రిటన్‌లో 2009లో వచ్చిన సవరణ ప్రకారం, కమిషన్ సిఫార్సుల అమలు ఎంతవరకు వచ్చిందో మంత్రి ఏటా పార్లమెంటుకు నివేదించాలి. సామాజిక సంరక్షణపై 2011లో ఇచ్చిన నివేదిక 2014లో కేర్ యాక్ట్ అయింది. డ్రైవర్ లేని వాహనాలపై 2022లో వచ్చిన నివేదిక 2024లో చట్టమైంది. అదే పబ్లిక్ లా బృందం ట్యాక్సీలపై 2014లో ఇచ్చిన ముసాయిదా బిల్లు మాత్రం చట్టం కాలేదు. తేడా ఎక్కడంటే, మొదటి రెండింటిలో ప్రభుత్వానికే ఆ చట్టం అవసరమైంది. భారత్‌లో నివేదికలను ఉభయ సభల ముందు ఉంచుతారు, సంబంధిత శాఖలకు పంపుతారు. ఫలానా గడువులోగా జవాబివ్వాలన్న చట్టపరమైన బాధ్యత ఎవరి మీదా లేదు.

చట్టం పాసైతే పని అయిపోయిందనుకోవడానికీ లేదు. ముద్రిత రాజ్యాంగంలో 22వ అధికరణం తెరిస్తే, ముందస్తు నిర్బంధానికి సంబంధించిన (4)వ క్లాజుకు ఒక ఫుట్‌నోట్ కనిపిస్తుంది. 44వ సవరణ చట్టంలోని 3వ సెక్షన్ అమల్లోకి వచ్చాక ఈ క్లాజు స్థానంలో చేరాల్సిన కొత్త పాఠం అక్కడ ఉంటుంది. నిర్బంధం సబబేనా అని చూసే సలహా మండలి అభిప్రాయం లేకుండా మనిషిని నిర్బంధంలో ఉంచగల గడువును ఆ పాఠం మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గిస్తుంది. మండలి ఏర్పాటు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు మేరకు జరగాలంటుంది. పార్లమెంటు దీన్ని 1978లోనే ఆమోదించింది. అమలు తేదీని ప్రభుత్వం నోటిఫై చేయాలి. ఆ నోటిఫికేషన్ ఇంతవరకు రాలేదు. తేదీ ప్రకటించమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమని ఏ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ముసాయిదా రాసేటప్పుడు 'ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి' అన్న మామూలు వాక్యానికి బదులు ఒక గరిష్ఠ గడువు పెట్టాలని సూచించే రీసెర్చర్లు ఈ ఫుట్‌నోట్‌నే చూపిస్తారు.

ఉద్యోగంగా చూస్తే

ఈ కొలువులోకి వచ్చేవారిలో ఎక్కువ మంది లా డిగ్రీ పూర్తిచేసిన కొత్తవారే. కొందరు జడ్జీల దగ్గర లా క్లర్కులుగా చేసి వస్తారు. కోర్టు పనికీ దీనికీ పెద్ద తేడా ఉంది. కోర్టులో ఒక కక్షిదారు తరఫున బలమైన వాదన వెతికితే చాలు. ఇక్కడ తాము ప్రతిపాదించే మార్పుకు ఎదురయ్యే బలమైన వాదనను తామే ముందు రాసిపెట్టుకోవాలి. లేకపోతే సంబంధిత శాఖ దాన్ని ఆఖరి సమావేశంలో బయటికి తీస్తుంది. రీసెర్చర్ పేరు నివేదిక కవరు మీద రాదు. చాలాసార్లు కృతజ్ఞతల పేజీలో ఒక వరస, అంతే. డెడ్‌లైన్ల టెన్షన్ మాత్రం ఏ లాయరుకూ తీసిపోదు.

ముందున్న అంశాలు కూడా ఈ పనిని మారుస్తున్నాయి. ప్రభుత్వ సంస్థలు కంప్యూటర్ వ్యవస్థలతో తీసుకునే నిర్ణయాలను ఇంగ్లండ్-వేల్స్ కమిషన్ 2025లో తన 14వ చట్ట సంస్కరణ కార్యక్రమంలో చేర్చింది. పింఛను తిరస్కరణకు కారణం అధికారి నోట్‌లో కాకుండా సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, దానిపై అప్పీలు ఎలా రాయాలన్నది ఇలాంటి అధ్యయనాల్లో తేలాల్సిన ప్రశ్న. భారత్‌లో 23వ లా కమిషన్ 2024 సెప్టెంబరు 1న మొదలైంది. దాని గడువు 2027 ఆగస్టు 31 వరకే. అప్పటికి తేలని ఫైళ్లు 24వ కమిషన్ ఉత్తర్వు కోసం ఎదురుచూడాలి.